నీలిమంట కొండెక్కిన చలికాలం

మా అత్తగారు గ్యాస్ పెట్టించుకుంటున్న సంగతి ఆవిడ నోటి నుంచి వినలేదు నేను. చేపల కొట్టులో ఫిలొమేనా చెప్పింది. ఎండు ఉప్పుచేప తూచి కాగితంలో చుడుతూ, "ఏం లుర్దెస్, కన్నతల్లే మీ ఆయన దగ్గర నూనె మానేస్తోందటగా! ఇంక మేం మాత్రం ఎందుకు పోయించుకోవాలే?" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. చేప తీసుకుని బయటికొచ్చి కారులో కూర్చున్నాకగానీ నా చెవులు ఎంత వేడెక్కాయో తెలియలేదు.

మా ఆయన సెరఫీమ్ ఇళ్లు వెచ్చబెట్టే బాయిలర్లకి నూనె పోసే మనిషి. నడిసముద్రంలోని అసోర్స్ దీవుల నుంచి రోడ్ ఐలాండ్ రాష్ట్రానికి వలస వచ్చిన మా మామగారు ఒక్క ట్రక్కుతో మొదలుపెట్టిన వ్యాపారం అది. ఆయన పోయాక అదే ట్రక్కు సెరఫీమ్ చేతికి వచ్చింది. మా ఊళ్లో అఖాతం పక్కన ఒక కొండ ఉంది, కొండ మీద దాదాపు అందరూ మావాళ్లే. ప్రతి ఇంటి నేలమాళిగలోనూ ఒక ఇనప ట్యాంకు. చలి మొదలైతే సెరఫీమ్ గొట్టం ఈడ్చుకుంటూ ఇంటి పక్కకి వెళ్తాడు. ట్యాంకు నిండేదాకా లోపలి గాలి బయటికి పోతూ ఈల మోగుతుంది. ఈల ఆగగానే ఏదో కిటికీ తెరుచుకుని "రావయ్యా, ఓ గుక్క కాఫీ తాగిపో" అని పిలుపు వస్తుంది. మేం అలా బతికాం.

ఆ ఏడు వేసవిలో గ్యాస్ కంపెనీ వాళ్లు కొండ మీదికి రోడ్డు తవ్వడం మొదలుపెట్టారు. పసుపుపచ్చ పైపు ఒక్కో వీధీ ఎక్కే కొద్దీ సెరఫీమ్‌కి ఒక్కో వీధీ చేయిజారింది. అదీ చాలదన్నట్టు, ఆ ఇళ్లలో పాత బాయిలర్లు పీకేసి గ్యాస్ బాయిలర్లు బిగించే మనిషి ఎవరో కాదు, మా మరిది వాల్దెమార్.

ఆ ఆదివారం చర్చి నుంచి ఎప్పటిలాగే అత్తగారింటికి భోజనానికి వెళ్లాం. నా తోడికోడలు నోయెలియా అప్పటికే వంటింట్లో ఉంది, అత్తగారి ఏప్రన్ కట్టుకుని. నోయెలియా గురించి చెప్పాలంటే ముందు ఆమె చేతుల గురించి చెప్పాలి. ఎన్ని అంట్లు తోమినా గోళ్ల రంగు చెదరదు. కొండ మొదట్లో వాళ్లిల్లు, గ్యాస్ అక్కడికి మా అందరికంటే ముందే వచ్చింది. పొయ్యి కొన్న కొత్తలో నన్ను పిలిచి, "తిప్పగానే నీలంగా ఎలా వెలుగుతుందో చూడక్కా, ఎంత ముద్దుగా ఉంటుందో!" అని వెలిగించి చూపించింది, నేను నిప్పే ఎరగనట్టు. మా ఇంట్లో కరెంటు పొయ్యి. దాని చుట్ట ఎర్రబడే లోపల వంట మీద నాకున్న ఆశ చచ్చిపోతుంది. పైగా మా ఇంట్లో ఎంత సబ్బు పెట్టినా వదలని నూనె వాసన ఉంటుంది. సెరఫీమ్ కోటులో, టోపీలో, చివరికి దిండులో కూడా. నోయెలియా మా ఇంటికి వస్తే ఏనాడూ ముక్కు మూసుకోలేదు. అదే నా కడుపుమంట. మూసుకుని ఉంటే ఒక మాట అని ఊరుకునేదాన్ని.

సూపు గిన్నెలు పెట్టాక సెరఫీమ్ అడిగాడు. "అమ్మా, నీ ట్యాంకులో ఇంకా సగం పైనే నూనె ఉంది. దాన్నేం చేద్దామని?"

అత్తగారు దియొలిందా రొట్టె విరుస్తూ, "చిన్నోడు తీసేస్తాడంట్రా," అంది.

"చిన్నోడు తీసేస్తాడా? నేను పోసిన నూనెని?"

"నీ ట్రక్కులోకే తోడిచ్చేస్తాలే అన్నయ్యా. నీకేం నష్టం రాదు," అన్నాడు వాల్దెమార్.

"నష్టం సంగతి నిన్నెవడు అడిగాడ్రా?"

"నా మోకాళ్లు చూడు," అంది అత్తగారు మధ్యలో. "ఆ మెట్లు దిగి, ట్యాంకు ముల్లు ఎక్కడుందో చూసి రావడం నా వల్ల కాదు. దీనికైతే చూసే పనే లేదంట."

"నువ్వెప్పుడు చూశావమ్మా ముల్లు? రెండు వారాలకోసారి నేనే వచ్చి చూసిపోతున్నానుగా!"

"అదేరా. నీకు మాత్రం పనులుండవా? నా ఇంటి కోసం ఒకడు రావడం, నేను ఎదురుచూడటం."

ఆ 'ఒకడు' అన్న మాట దగ్గర సెరఫీమ్ చెంచా కింద పెట్టేశాడు. అప్పుడే నోయెలియా గరిటె పట్టుకొచ్చి, "బావగారూ, ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగింది. మా ఆయన్ని, నేను పక్కన కూర్చుని ఉండగా.

సెరఫీమ్ లేచి కోటు అందుకున్నాడు. "మన రాష్ట్రం ఎంతుందిరా? కారు తీసి ఓ పాట పాడుకునేలోపు అవతలి హద్దు వచ్చేస్తుంది. ఇందులో ఒక గ్యాస్ బావి ఉందా? ఒక బొగ్గు గని ఉందా? కరెంటు పుట్టేదీ ఆ గ్యాసుతోనే, వంటా దానితోనే, కొంపలు వెచ్చబడేదీ దానితోనే. ఎక్కడో పెన్సిల్వేనియాలో పుట్టింది ఊళ్లన్నీ దాటి మనదాకా రావాలి. గట్టి చలి వచ్చిన రోజున గొట్టం చివర నిలబడ్డవాడికి ఏం మిగులుతుందో చూద్దాం."

"నూనె మాత్రం మన పెరట్లో ఊరుతోందా అన్నయ్యా? అదీ ఓడెక్కి రావాల్సిందేగా," అన్నాడు వాల్దెమార్, గొంతు పెంచకుండా.

అతనన్న దాంట్లో తప్పేమీ లేదు. అందుకే సెరఫీమ్ తలుపు అంత గట్టిగా వేశాడు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములకి మాటల్లేవు. తల్లే మారిపోయిందన్న కబురు కొండంతా పాకింది. ఇన్నాళ్లూ సెరఫీమ్ మొహం చూసి ఆగినవాళ్లు కూడా ఒక్కొక్కరే ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, "ఏమనుకోకు సెరఫీమ్..." అనేవారు. అతను "ఏమనుకుంటాను" అని పెట్టేసేవాడు. క్రిస్మస్ ముందురోజు అత్తగారు మాకూ కలిపి బల్ల సర్దిందట. మేం వెళ్లలేదు. మా ఇంట్లోనే ఉప్పుచేప, బంగాళాదుంపలు ఉడికించుకుని తిన్నాం.

చెబితే వింతగా ఉంటుందిగానీ, ఆ మూడు నెలలూ నాకు చాలా బాగున్నాయి. అంతకుముందు సెరఫీమ్ ఇంటికొస్తే తినడం, కుర్చీలో కునుకు తీయడం, అంతే. ఇప్పుడు మాకు మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది.

"వాడి వ్యాన్ మీద పేరు చూశావా? ఆ అక్షరాల సైజు చూస్తే నడిసముద్రంలో ఓడ వాళ్లు కూడా చదివేలా ఉన్నారు."

"వాళ్లావిడ బూట్లు చూడలేదు నువ్వు. మడమలు ఇంతెత్తు. మంచులో పడిందంటే లేపడానికి క్రేను పిలవాలి."

"అమ్మ మొన్న నాకు ఫోన్ చేసి, ఇల్లు ఎంత వెచ్చగా ఉందో అంటోంది. నేను పోసినప్పుడు ఏమైనా గడ్డకట్టిందా?"

"ఆవిడకి చిన్నోడు తుమ్మినా సంగీతమే."

పిల్లలిద్దరూ తినేసి వెళ్లిపోయినా మేం బల్ల దగ్గరే కూర్చునేవాళ్లం. అతని చెయ్యి నా చేతి మీద ఉండేది. పెళ్లయిన కొత్తలో కూడా ఇన్ని కబుర్లు చెప్పుకోలేదు మేం. ఇద్దరం ఒకే పక్కన కూర్చుని, ఒకే ఇంటి వైపు చూసి ఏడ్చేవాళ్లం. ఆ ఏడుపు మాకు ఎంత తోడుగా ఉండేదో నాకే తెలుసు.

జనవరిలో చలి వచ్చింది. మామూలు చలి కాదు, అఖాతం అంచులు పలకలు పలకలుగా గడ్డకట్టాయి. మంచు కురవడానికి కూడా ఓపిక లేనట్టు ఆకాశం బిగుసుకుపోయింది. రేడియోలో ఇళ్ల వేడి తగ్గించుకోమని, గ్యాస్ పొదుపుగా వాడమని చెబుతున్నారు. ఓ మధ్యాహ్నం అత్తగారు ఫోన్ చేసింది. "లుర్దెస్, పొయ్యి వెలగడం లేదే. రేడియేటర్లు చల్లగా ఉన్నాయి. పక్కింట్లోనూ అంతేనంట."

ఆ ఇల్లూ ఈ ఇల్లూ కాదు, కొండ మొత్తం మీద మంటలన్నీ ఒక్కసారే కొండెక్కాయి. చుట్టుపక్కల రాష్ట్రాలన్నీ ఒకేసారి గ్యాస్ లాగేసరికి మా చివరకి వచ్చేటప్పటికి పైపులో ఒత్తిడి లేకుండా పోయింది. మళ్లీ గ్యాస్ వదలాలంటే ముందు ప్రతి ఇంటి మీటరూ కట్టేయాలట. వదిలాక ప్రతి ఇంటికీ మనిషి వెళ్లి విడివిడిగా వెలిగించాలట. రోజులు పడుతుందన్నారు.

మా ఇల్లు కొండకి అవతలి వాలులో ఉంది. మాకు నూనె బాయిలరే. సెరఫీమ్ మాట్లాడకుండా తాళంచెవులు తీసుకుని తల్లిని తీసుకురావడానికి వెళ్లాడు. నేను పక్కగదిలో మంచి దుప్పట్లు పరిచాను. వేడి రెండు గీతలు పెంచాను. ఆవిడ గడప దాటగానే ఆ వెచ్చదనం మొహానికి తగలాలి, ఏం పోగొట్టుకుందో ఆవిడకి తెలియాలి. అదీ నా లెక్క.

తలుపు తెరిచేసరికి అత్తగారి వెనక నోయెలియా నిలబడి ఉంది. చెరో చేతికీ ఒక కూతురు, మెడలో సంచి.

"వాళ్లిల్లూ కొండ మీదేగా," అన్నాడు సెరఫీమ్, నా వైపు చూడకుండా బూట్లు విప్పుకుంటూ. "పిల్లలు వణికిపోతున్నారు."

"అక్కా, ఎంత వెచ్చగా ఉంది మీ ఇల్లు!" అంది నోయెలియా. ఆ మాట ఆమె నోటి నుంచి వినాలని ఎన్నేళ్లుగా ఎదురుచూశానో. వచ్చాక చూస్తే ఉప్పు లేని సూపులా ఉంది. మనసారా అంది మరి. అలా అంటే దాన్ని ఏం చేసుకోను?

మర్నాటికల్లా నా వంటిల్లు ఆమె చేతిలోకి వెళ్లింది. దౌర్జన్యంగా కాదు, అడిగి అడిగి. "ఈ గిన్నె వాడనా అక్కా? పిండి ఎక్కడుంది అక్కా?" అంటూ. నేను రోజూ తిట్టుకునే ఆ కరెంటు పొయ్యి మీదే మెత్తగా తీపిరొట్టె కాల్చింది. మా పెద్దవాడు రెండో ముక్క తింటూ, "అమ్మా, నువ్వూ ఇలా చేయొచ్చుగా!" అన్నాడు. అత్తగారు రొట్టె వాసన చూసి కళ్లు మూసుకుంది. ఆ తర్వాత కళ్లు తెరిచి, "పాపం చిన్నోడు, ఈ చలిలో మీటర్లు కట్టేస్తూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు," అంది. రోజంతా అదే పాట. వెచ్చగా కూర్చున్నది పెద్దకొడుకు ఇంట్లో, కలవరించేది చిన్నవాణ్ని.

బట్టలు మడతపెడుతుంటే నోయెలియా నా పక్కన చేరింది. ఒక తువ్వాలు అందుకుని మడుస్తూ, "అక్కా, ఒకటి అడగనా? ఏమీ అనుకోకూడదు," అంది.

"అడుగు."

"వాల్దెమార్ ఇంటికొచ్చాక నోరు విప్పడు. తింటాడు, పడుకుంటాడు. మీరిద్దరూ రోజూ భోజనం అయ్యాక కూడా ఎంతోసేపు మాట్లాడుకుంటూ నవ్వుకుంటారట కదా. మీ చిన్నబ్బాయి చెప్పాడు. అంతంతసేపు ఏం మాట్లాడుకుంటారక్కా?"

నా చేతిలో సెరఫీమ్ చొక్కా ఉంది. దాని బొత్తాలు ఒక్కొక్కటే పెట్టాను. "ఏముంటాయి," అన్నాను. "ఏవో ఇంటి సంగతులు."

చీకటి పడ్డాక వాల్దెమార్ వచ్చాడు. అన్న ఇంట్లోకి అడుగుపెట్టాలా వద్దా అన్నట్టు వాకిట్లోనే నిలబడ్డాడు. "రారా, తలుపు వేసెయ్, వేడి పోతోంది," అన్నాడు సెరఫీమ్. మూడు నెలల తర్వాత మొదటి మాట అది. వాల్దెమార్ వేళ్లు చిట్లి ఉన్నాయి, చెంచా సరిగ్గా పట్టుకోలేకపోతున్నాడు. అత్తగారు సూపులో రొట్టె నానబెట్టి అతని ముందు పెట్టింది.

"సగం ఇళ్లకి తాళాలు వదినా," అన్నాడు చివరికి. నాతో అంటున్నట్టే అన్నాడుగానీ అన్నకి వినబడాలనే. "చుట్టాలిళ్లకి పోయారు జనం. నాతో ఉన్నవాళ్లంతా పొరుగూళ్ల వాళ్లు. ఎవరి నేలమాళిగ ఎటు వైపుందో తెలియదు. ఒలివేరా ముసలాయన ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాం. పైగా ఆ కుక్క."

సెరఫీమ్ రొట్టె నములుతూనే, "నేలమాళిగ తలుపు ఇంటి వెనకాల, ద్రాక్షపందిరి కింద," అన్నాడు. "కుక్కని పేరు పెట్టి పిలిస్తే ఏమీ అనదు."

"పేరేంటి?"

"జనరల్."

వాల్దెమార్ చెంచా ఆపి అన్న వైపు చూశాడు. "పాకుతూ తిరిగే ఆ జానెడు కుక్కకా?"

"ఎదురుగా నవ్వకు. దానికి పౌరుషం ఎక్కువ."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అత్తగారు కూడా నవ్వింది. నోయెలియా తన శాలువ చెంగుతో కళ్లు తుడుచుకుంది. నేను గిన్నెలు తీశాను.

తెల్లారి సెరఫీమ్ తమ్ముడి వ్యాన్ ఎక్కాడు. వెలిగించే పని తమ్ముడిది, దారి చూపించడం, తలుపులు తీయించడం ఇతనిది. ఆ వారమంతా ఇద్దరూ కలిసే వెళ్లారు, కలిసే వచ్చారు. చెమ్మ, మసి, చలి అంటుకున్న మొహాలతో వచ్చి బల్ల దగ్గర కూర్చునేవారు. "ఆవిడ నిన్ను పట్టుకుని ముద్దు పెట్టుకుందిగా అన్నయ్యా!" "నిన్నేరా, నీ చెవి పట్టుకుంది." ఎవరావిడ, ఏం జరిగింది, నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే చెప్పేవారు. చెబితే నవ్వు వచ్చేది కాదు.

వారం చివర కొండ మీద మంటలు తిరిగి వెలిగాయి. అందరూ వెళ్లిపోయారు. ఆ సాయంత్రం బల్ల దగ్గర మేమిద్దరమే మిగిలాం. ఆ నిమిషం కోసమే కాచుకుని ఉన్నాను నేను.

"చూశావా, నోయెలియా తన సబ్బు ఇక్కడే వదిలేసి పోయింది. వారం రోజులూ సొంత సబ్బుతోనే కడుక్కుంది మహారాణి. మన సబ్బు పనికిరాలేదు."

"మర్చిపోయి ఉంటుందిలే," అన్నాడు సెరఫీమ్. "వాడి వేళ్లు చూశావా? చిన్నప్పుడూ అంతే, తొడుగులు ఎక్కడో పారేసుకుని వచ్చేవాడు. నావి రెండు జతలున్నాయి. రేపు ఒకటి ఇచ్చేయాలి."

"వాడికేం తక్కువ, కొనుక్కోలేడా? అంత పెద్ద అక్షరాల పేరున్నవాడు..."

"పోనీలే లుర్దెస్."

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కంచం తీసుకెళ్లి కడిగి బోర్లించి, కుర్చీలోకి వెళ్లాడు. నేను బల్ల దగ్గరే కూర్చున్నాను. నా పక్కన నిలబడి ఇన్నాళ్లూ నాతోపాటు ఏడ్చిన మనిషి, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా, నన్నొక్కదాన్నే అక్కడ వదిలేసి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో సెరఫీమ్ గ్యాస్ పని లైసెన్సు కోసం సాయంత్రం క్లాసుల్లో చేరాడు. క్లాసు అయ్యాక తమ్ముడింట్లోనే తినేవాడు. "నోయెలియా చేసిన చిక్కుడుకాయల కూర తిన్నావా ఎప్పుడైనా?" అని నన్నే అడిగేవాడు. ఇంతకాలం నేను కుళ్లుకున్నది తోడికోడలి మీద. ఇప్పుడు ఆ కుళ్లు మరిది మీదికి మళ్లింది. మా ఆయన కబుర్లన్నీ ఇప్పుడు వాల్దెమార్ దగ్గరే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "వాణ్ని తిట్టిందెవరు? నేనొక్కదాన్నేనా?"

"ఇద్దరం."

"మరి నువ్వొక్కడివే ఎలా మానేస్తావు?"

నేనేదో వేళాకోళం చేశాననుకుని పడీపడీ నవ్వాడు. మర్నాడు ఆ మాట వాల్దెమార్‌కి కూడా చెప్పాడట. అతనూ నవ్వాడట.

ఏప్రిల్‌లో ట్రక్కు అమ్మేశాం. పక్క ఊరు ఫాల్ రివర్ నుంచి ఒకాయన వచ్చి తీసుకెళ్లాడు. సెరఫీమ్ ఆ రోజు తమ్ముడితో కొండ మీద పనిలో ఉన్నాడు, తాళంచెవి నన్నే ఇమ్మన్నాడు. అత్తగారు మా ఇంట్లోనే ఉంది. ఇద్దరం మెట్ల మీద నిలబడి చూశాం. ట్రక్కు మలుపు దగ్గర దగ్గి, తేరుకుని, దిగువకి వెళ్లిపోయింది.

"మామగారి ట్రక్కు. మీకేం అనిపించడం లేదా అత్తయ్యా?"

"ఆయన పోయినప్పుడే ఏడ్చేశాను. ఇనుము కోసం మళ్లీ వేరే ఏడుపెందుకు?" అని, నా మొహంలోకి చూసింది. "నువ్వు ఏడ్చేది ట్రక్కు కోసం కాదుగా?"

నేను మలుపు వైపు తిరిగాను.

"నాకు తెలియదనుకున్నావా? మీ మామగారి అన్న పెళ్లాం ఉండేది, ఇర్మెలిందా. దాని పెరట్లో ఉల్లిగడ్డలు కూడా నా వాటికంటే లావుగా ఊరేవి. దీవిలో ఉన్నన్నాళ్లూ దాని మీద ఏడ్చాను. సముద్రం దాటి ఇక్కడికొచ్చినా మానలేదు. అది పోయిందని కబురు వచ్చిన రోజు వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను. ఏం వండాలో తోచలేదు. ఇంక ఎవరి కంటే బాగా వండాలి?"

"మరేం చేశారు?"

"ఏం చేస్తాను? మామూలుగానే వండాను. మీ మామగారు తిని బాగుందన్నాడు. అంతకుముందు కూడా అనేవాడేమో. నేనెప్పుడూ వినలేదు."

ఇంతలో అత్తగారిని తీసుకెళ్లడానికి నోయెలియా వచ్చింది. కొత్త కోటు వేసుకుంది, పండిన రేగుపండు రంగు. నడుము దగ్గర చక్కగా కుదిరింది. నా కళ్లు దాన్ని కాలర్ నుంచి అంచుదాకా తడిమేశాయి. వంకలు కూడా మూడు దొరికాయి. కానీ రాత్రి భోజనాల దగ్గర వాటిని వినేవాళ్లెవరు?

"కోటు బాగుంది నోయెలియా," అన్నాను. "ఎక్కడ కొన్నావు?"

ఆమె నా వైపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత, చలిగాలిలోనే, గబగబా బొత్తాలు విప్పి కోటు నా చేతికిచ్చింది. "వేసుకుని చూడక్కా. వేసుకో. అత్తయ్యా, అక్కకి ఎలా ఉందో చూడండి."

వేసుకున్నాను. భుజాల దగ్గర బిగిసింది. చేతులు పొట్టి. లోపల ఆమె ఒంటి వేడి ఇంకా ఉంది, నూనె వాసన ఆనవాలు కూడా లేదు. కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకుని విప్పి ఇచ్చేశాను.

"నీకే బాగుంది," అన్నాను.

అది నిజం. ఆ నిజం నాకు ఇప్పటికీ నచ్చదు.